ఉడతకు ఉడతాసాయం

వేపచెట్టు మీది ఉడతకు వీపంతా బొచ్చు రాలిపోయింది. చూస్తే జాలేస్తోంది. మందేయాలా? పట్టుకెళ్లి డాక్టరుకు చూపించాలా? దాని మానాన దాన్ని వదిలేయాలా? చిన్న ప్రాణమే కానీ, ప్రశ్న మాత్రం చిన్నది కాదు.

షాలిబండలోనో, లాల్‌దర్వాజాలోనో, పురానీ హవేలీ వెనక సందుల్లోనో ఓ పాత ఇల్లు అనుకుందాం. వీధిలోంచి చూస్తే ఎత్తయిన గోడ, చిన్న తలుపు. లోపలికెళ్తే ఆకాశం కనిపించే వాకిలి. అందులో ఓ వేపచెట్టు, పక్కన జామచెట్టు. బయట ఆటోల హారన్లు, బండ్ల మీద బేరాలు ఎంత హోరెత్తుతున్నా లోపల మాత్రం ఉడతలదే రాజ్యం. పిట్టగోడ మీంచి కరెంటు తీగ మీదికి, అక్కడి నుంచి పక్కింటి డాబా మీదికి... రోజంతా పరుగులే. పక్కింటి దాదీమాకు అది గిలహరి, మనకు ఉడత. ఎవరేమని పిలిచినా పొద్దున్నే వచ్చి ఉస్మానియా బిస్కెట్ ముక్క అందుకుని పోవడం దానికి అలవాటు.

ఓ రోజు ఆ ఉడత వింతగా కనిపిస్తుంది. మెడ దగ్గర్నుంచి నడుం దాకా బొచ్చు లేదు. చర్మం బయటపడింది. ఇంట్లో అందరూ తలో మాటా అంటారు. ‘కాస్త వేపనూనెలో పసుపు కలిపి పూస్తే సరి’ అంటుంది నానమ్మ. ‘బోను పెట్టి పట్టేద్దాం’ అంటాడు నాన్న. ‘పిల్లలకేమైనా అంటుకుంటుందేమో, ముందు దాన్ని తరిమేయండి’ అంటుంది అమ్మ. ‘పాపం కదా, ఏదైనా మందేద్దాం’ అంటాడు పిల్లాడు.

నాలుగు మాటల్లోనూ ప్రేమో భయమో ఉంది. లేనిదల్లా ఒకటే... ఆ ఉడతకు అసలేమైందో ఎవరికీ తెలియదు!

చారల చుట్టం

మనకు ఉడత మీద అంత అభిమానం ఉత్తినే రాలేదు. వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడతను రాముడు మెచ్చి వీపు నిమిరాడనీ, ఆ వేళ్ల గుర్తులే చారలయ్యాయనీ చిన్నప్పుడు విననివాళ్లుండరు. ఈ కథ వాల్మీకి రామాయణంలో లేదు. తెలుగులో గోన బుద్ధారెడ్డి రాసిన రంగనాథ రామాయణంలో ఉంది. ‘ఉడతాభక్తి’, ‘ఉడతాసాయం’ అన్న మాటలు మన నోట్లో నానుతున్నాయంటే ఆ కథ చలవే.

మన దేశంలో తరచూ కనిపించేవి రెండు రకాలు. మూడు చారలవి దక్షిణాదిలో ఎక్కువ, ఐదు చారలవి ఉత్తరాదిలో ఎక్కువ. పెద్ద ఉడత బరువు అటూ ఇటూగా వంద గ్రాములు. అంటే చేతిలో పట్టే జామకాయంత. ఈ బరువును గుర్తుపెట్టుకోండి. మందు సంగతి వచ్చేసరికి ఇదే అసలు లెక్క.

బొచ్చు ఎందుకు రాలుతుంది?

బొచ్చు రాలడం జబ్బు పేరు కాదు. ఓ లక్షణం మాత్రమే. దాని వెనక కారణాలు చాలా ఉండొచ్చు.

మొదటిది గజ్జి. కంటికి ఆనని చిన్న పురుగులు చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడతాయి. ఉడత ఆగకుండా గోక్కుంటుంది. చర్మం మందంగా, ముడతలు పడి, పొక్కులు కట్టినట్టు తయారవుతుంది. ముదిరితే కళ్ల చుట్టూ వాచి చూపు కూడా సరిగా ఆనదు. రెండోది తామర. ఇది ఫంగస్ వల్ల వస్తుంది. అక్కడక్కడా మచ్చల్లా బొచ్చు ఊడి, పొట్టు రాలుతుంటుంది. ఇక పేలు, పిడుదులు, గోమార్లు ఉండనే ఉన్నాయి. తోటి ఉడతలతో కొట్లాటలో, పిల్లి పంజా దెబ్బకో ఊడొచ్చు. ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్టకు అంటుకుని, పెనుగులాడి బయటపడ్డా బొచ్చు అక్కడే ఉండిపోతుంది.

ఇవేవీ కాకపోవచ్చు కూడా. చాలా ఉడత జాతులు కాలాన్నిబట్టి పాత బొచ్చు వదిలేసి కొత్తది తొడుక్కుంటాయి. అమెరికాలోని బూడిదరంగు ఉడతలకైతే ఏడాదికి రెండుసార్లు ఇదే తంతు. చర్మం శుభ్రంగా ఉండి, లేత వెంట్రుకలు మొలుస్తూ కనిపిస్తే కంగారుపడాల్సిన పనిలేదు.

ఒకదానికి పనికొచ్చే మందు మరోదానికి పనికిరాదు. గజ్జి మందుతో తామర తగ్గదు. కొత్త బొచ్చు వచ్చేదానికి ఏ మందూ అక్కర్లేదు. చర్మాన్ని కాస్త గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తప్ప డాక్టర్లే కచ్చితంగా చెప్పలేరు. పిట్టగోడ ఇవతల నిలబడి మనమెలా తేల్చగలం?

ఒక్క చుక్క లెక్క

‘పశువుల గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ దొరుకుతుందిగా. ఓ చుక్క వేరుశనగ గింజ మీద వేసి పెడితే పోలా?’ అనేవాళ్లుంటారు. అమెరికాలో వన్యప్రాణుల సంరక్షకులు కొందరు అక్రోటు పప్పులో మందు పెట్టి ఉడతలకిచ్చే పద్ధతి ఉంది కూడా. అయితే అది కొలిచి చేసే పని. చుక్కలతో చేసేది కాదు.

లెక్క చూద్దాం. పశువులకిచ్చే ఇంజెక్షన్ ఒక శాతం ద్రావణం. అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందు. పశువులకు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. అదే లెక్క వంద గ్రాముల ఉడతకు కడితే వచ్చేది 0.02 మిల్లీగ్రాములు. ఒక్క మిల్లీలీటరు 500 ఉడతలకు సరిపోతుందన్నమాట! మామూలుగా మిల్లీలీటరుకు 20 చుక్కలు. ఆ లెక్కన ‘ఒక్క చుక్క’లో ఉండేది పాతిక ఉడతల మందు. మోతాదు మించితే వణుకు, తూలడం, స్పృహ తప్పడం, చివరికి ప్రాణం పోవడం.

పోనీ సరిగ్గా కొలిచారనుకుందాం. గింజను జబ్బు ఉడతే తింటుందన్న నమ్మకమేంటి? గోరింక తినొచ్చు, కాకి ఎత్తుకుపోవచ్చు, కడుపుతో ఉన్న మరో ఉడత తినొచ్చు. పైగా ఈ మందు పురుగుల్ని చంపుతుంది కానీ గుడ్లను కాదు. అందుకే కొన్నాళ్లాగి మళ్లీ ఇవ్వాల్సి ఉంటుంది. అప్పుడు అదే ఉడత, అదే కొమ్మ మీదికి, అదే గింజ కోసం రావాలి!

మరి నానమ్మ చెప్పిన నూనె? ఉడత తన ఒంటిని తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. మనం పూసిందల్లా కడుపులోకి పోతుంది. నూనెతో తడిసిన చిన్న ఒంట్లోంచి వేడి కూడా త్వరగా పోతుంది. కిరోసిన్, ఫినాయిల్, కుక్కలకు వాడే లోషన్ల మాటైతే తలవకపోవడమే మేలు.

జాలితో వేసిన మందు ఎక్కడిదాకా పోతుందో మన దేశానికి ఓసారి అనుభవమే. పశువుల నొప్పులకు డైక్లోఫెనాక్ ఇచ్చారు. ఆ పశువులు చచ్చాక వాటిని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి కుప్పకూలాయి. కారణమేంటో 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన ప్రభుత్వం నిషేధించింది. కానీ అప్పటికే తెల్లవీపు రాబందులు దాదాపు వెయ్యికి ఒకటి చొప్పునే మిగిలాయి. ఇచ్చినవాళ్లలో ఎవరూ రాబందులకు చెడు తలపెట్టినవాళ్లు కాదు.

పట్టుకుంటే ఏమవుతుంది?

బోను పెట్టడం తేలికే. కానీ పట్టుబడ్డ ఉడతకు పిల్లలుంటే? పీచు, దూది, గుడ్డపేలికలు తెచ్చి కట్టుకున్న గూట్లో సాధారణంగా రెండు మూడు పిల్లలుంటాయి. సుమారు పది వారాలదాకా వాటికి తల్లిపాలే ఆధారం. తల్లి ఒక రోజు రాకపోతే ఆ కూనల గతేంటి? ఒక ప్రాణాన్ని కాపాడబోయి మూడు ప్రాణాలు తీసినట్టవుతుంది. అదీగాక అడవి జంతువుకు మనిషి చేతిలో పడటమే పెద్ద గండం. ఆ భయానికే గుండె ఆగిపోయే చిన్న జీవులుంటాయి.

చట్టం సంగతీ ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లోని జంతువును చంపడమే కాదు, పట్టుకోవడాన్నీ వేటగానే లెక్కేస్తుంది. ఐదు చారల ఉడత ఆ చట్టం నాలుగో షెడ్యూల్లో ఉండేది. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది, షెడ్యూళ్లు మారాయి. ఇలాంటి జంతువు చేతికొస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, అధీకృత అధికారికో తెలపాలన్నది నిబంధన. జాలితో తెచ్చినా పంజరంలో పెట్టి పెంచుకోవడం కుదరదు.

అయితే చూస్తూ ఊరుకోవాలా?

ఊరుకోనక్కర్లేదు. మొదటి సాయం... చూడటం. రోజూ ఒకే వేళకు, దూరం నుంచి. వీలైతే ఓ ఫొటో తీయండి. పది రోజుల ఫొటోలు పక్కపక్కన పెడితే బొచ్చులేని చోటు పెరుగుతోందో తగ్గుతోందో తెలిసిపోతుంది. తింటోందా? చెట్టెక్కుతోందా? కాకిని చూస్తే పరుగెడుతోందా? ఈ మూడింటికీ అవుననే జవాబొస్తే అది తన యుద్ధం తాను చేస్తున్నట్టే. గజ్జి పట్టిన ఉడతల్లోనూ తమంతట తాము కోలుకునేవి ఎన్నో ఉంటాయి.

రెండో సాయం వినడానికి వింతగా ఉంటుంది... తిండి పెట్టడం ఆపేయడం! ఉడతలన్నీ ఒకేచోట గుమికూడితే ఒకదాని పురుగు మరోదానికి ఎక్కుతుంది. అమెరికాలో ఇలాంటి జబ్బు వ్యాపించినప్పుడు పెరట్లో గింజల తొట్లు తీసేయమని అధికారులు చెబుతారు. అక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలో పశ్చిమ బూడిదరంగు ఉడత 1993లోనే ముప్పు జాబితాకెక్కింది, 2023లో అంతరించే ప్రమాదమున్న జాతిగా మారింది. అడవులు తరగడంతోపాటు గజ్జి కూడా దానికో శత్రువు. మన చారల ఉడతలకు అంతటి ముప్పు లేకపోయినా పాఠం మాత్రం అదే. బిస్కెట్లు, పూరీ ముక్కల బదులు చెట్టు మీద నాలుగు జామకాయలు కోయకుండా వదిలేస్తే చాలు. పండ్లు, గింజలు, పురుగులు... దాని తిండి దానికి తెలుసు.

మూడోది నీళ్లు. ఎండాకాలంలో లోతులేని మట్టి మూకుట్లో నీళ్లు పోసి నీడన పెట్టండి. మధ్యలో ఓ రాయి వేయండి. రోజూ తోమి కడగండి. కడగని మూకుడు జబ్బులకు నెలవు.

ఎప్పుడు కదలాలి?

ఉడత నేల మీదే పడి ఉండి, మనిషి దగ్గరకెళ్లినా కదలకపోతే. కళ్లు మూసుకుపోయి ఉంటే. పుండ్లు, ఈగలు, నెత్తురు కనిపిస్తే. జిగురు అట్టకు అతుక్కుని ఉంటే... అది దాని మానాన వదిలేసే సమయం కాదు. అప్పుడు ‘ప్రకృతి చూసుకుంటుంది’ అనడం జ్ఞానం కాదు, తప్పించుకోవడం.

చేతికి మందపాటి తొడుగు వేసుకుని, గుడ్డ కప్పి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలోకి తీసుకోండి. చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచండి. నోట్లో పాలూ నీళ్లూ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జిగురు నుంచి మీరే లాగొద్దు, చర్మం ఊడొస్తుంది. వెంటనే అటవీ శాఖకు తెలపండి. పశువైద్యుడి సలహా కావాలంటే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, పాతబస్తీకి దగ్గర్లో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉన్నాయి. జంతువుల్ని ఆదుకోవడానికి అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ కూడా ఉంది. ముందు ఫోన్ చేసి, ఉడతను చూస్తారో లేదో అడిగి తెలుసుకుని బయల్దేరితే ట్రాఫిక్‌లో దాన్ని హింసపెట్టినట్టవదు.

అమ్మ భయమూ కొట్టిపారేసేది కాదు. తామర జంతువుల నుంచి మనుషులకు అంటుకోగలదు. గజ్జి పురుగుల వల్ల కొన్నాళ్లపాటు దురద రావచ్చు. ముట్టుకోకుండా ఉంటే ఆ బెడద లేదు. ఉడతల్లో రేబిస్ చాలా అరుదే అయినా, కరిస్తే సబ్బుతో పావుగంటసేపు కడిగి డాక్టరుకు చూపించుకోవాల్సిందే. అంతేకానీ ఉడతను తరిమేస్తే జబ్బు పక్కింటికి పోతుంది తప్ప తగ్గదు.

ఒక్క మాటలో...

* చురుగ్గా ఉంటే: చూడండి, ఫొటో తీయండి, ముట్టుకోవద్దు.
* నాలుగైదు ఉడతలకు ఒకేసారి బొచ్చు రాలుతుంటే: తిండి పెట్టడం ఆపండి, అటవీ శాఖకు తెలపండి.
* కదలలేని స్థితిలో ఉంటే: పెట్టెలో పెట్టి నిపుణులకు అప్పగించండి.
* సొంత వైద్యం: నూనె అయినా, చుక్క మందు అయినా వద్దు.

పిల్లాడు అడిగిన ‘ఏదైనా మందేద్దాం’ అన్న మాటలోని జాలిని చల్లార్చొద్దు. ఓ నోట్‌బుక్ ఇచ్చి, ‘రోజూ ఆ ఉడత ఎలా ఉందో రాయి నాన్నా’ అనండి. వాడి జాలికి ఓ పని దొరుకుతుంది. అవసరమైన రోజున డాక్టరుకు చెప్పడానికి ఆ రాతలే పనికొస్తాయి. వారధికి ఉడత కొండలు మోయలేదు. తనకు చేతనైనంత ఇసుకే మోసింది. మనం చేయాల్సిందీ అంతే.