తక్కువ డబ్బుతో తేలికైన వైర్‌లెస్ మౌస్ ఎంచుకోవడం ఎలా?



ఇంజినీరింగ్, పాలిటెక్నిక్, డిగ్రీ చదివే మన పిల్లల దగ్గర ఇప్పుడు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు కనబడుతున్నాయి. ల్యాప్‌టాప్ వచ్చాక అడిగే మొదటి ప్రశ్న "అన్నా, ఏ మౌస్ కొనమంటావు?" అని. ఆటలు ఆడేవాళ్ళు గేమింగ్ మౌస్ కావాలంటారు. ఆటోక్యాడ్, ఫోటోషాప్ నేర్చుకునేవాళ్ళు కూడా అదే మంచిదని విని దానికే మొగ్గు చూపుతారు. దుకాణానికి వెళితే మూడు వందల నుంచి పదిహేను వేల దాకా చూపిస్తారు. మన ఇళ్ళలో రెండు వేల రూపాయలంటే అమ్మానాన్నల ఎన్నో రోజుల కష్టం. కాబట్టి ఆ డబ్బు దేనికి పెడుతున్నామో తెలుసుకుని పెట్టడం మన బాధ్యత. మౌస్ ధరలో పనికొచ్చే భాగమేది, ఉత్త ఆడంబరమేది అనేది విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మౌస్ ఎలా మారుతూ వచ్చింది?

అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన మేరకు బిల్ ఇంగ్లిష్ 1964లో మొదటి మౌస్ తయారుచేశారు. అది చెక్క డబ్బా, కింద రెండు చక్రాలు, పైన ఒక బటన్. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని అందరి ముందూ ప్రదర్శించారు. తర్వాత రబ్బరు బంతి మౌస్‌లు వచ్చాయి. 1999 నుంచి వెలుతురుతో పనిచేసే ఆప్టికల్ మౌస్‌లు అందరికీ చేరాయి. వీటి అడుగున ఉన్న చిన్న కెమెరా సెకనుకు కొన్ని వేల సార్లు బల్లను ఫోటో తీస్తుంది. ఒక ఫోటోకీ మరో ఫోటోకీ ఉన్న తేడాను బట్టి మౌస్ ఎటు, ఎంత కదిలిందో లెక్క కడుతుంది. ఈ కెమెరానే మనం సెన్సార్ అంటున్నాం.

ఒకప్పుడు వైర్‌లెస్ గేమింగ్ మౌస్ అంటే బరువుగా ఉండేది. లాజిటెక్ కంపెనీ 2018లో 80 గ్రాముల మౌస్, 2020లో 63 గ్రాముల లోపు మౌస్ విడుదల చేసింది. అవి ఖరీదైనవే. కానీ ఆ తర్వాత పోటీ పెరిగి, అదే పద్ధతి తక్కువ ధర మౌస్‌లలోకీ వచ్చింది. అందుకే ఈ రోజు మనలాంటివాళ్ళకు కూడా ఎంచుకునే అవకాశం ఉంది.

బరువు ఎంత ఉండాలి?

ముందుగా బరువు చేతికి తెలియాలి. 2011 శ్రేణి ఐదు రూపాయల నాణెం 6 గ్రాములు. అలాంటివి పది చేతిలో పెట్టుకుంటే 60 గ్రాములు. పదిహేడు పెట్టుకుంటే 102 గ్రాములు. తేలిక మౌస్‌కూ, మామూలు గేమింగ్ మౌస్‌కూ మధ్య తేడా అదే.

బడిలో చదువుకున్న న్యూటన్ రెండో నియమం ఇక్కడ పనికొస్తుంది. ద్రవ్యరాశి తగ్గితే అదే వేగం తెచ్చుకోవడానికి తక్కువ బలం చాలు, ఆపడానికీ తక్కువ బలం చాలు. అయితే ప్రకటనల్లో చెప్పని సంగతి ఒకటుంది. మౌస్ ఒక్కటే కదలదు, దాంతోపాటు మన చెయ్యీ కదులుతుంది. మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా చెయ్యి మన శరీర బరువులో సుమారు 0.6 శాతం. అంటే 50 కిలోల విద్యార్థి చెయ్యి దాదాపు 300 గ్రాములు. 100 గ్రాముల మౌస్‌తో కలిపితే 400 గ్రాములు, 60 గ్రాముల మౌస్‌తో కలిపితే 360 గ్రాములు. తగ్గింది పది శాతం. మౌస్‌ను పైకెత్తి మళ్ళీ పక్కన పెట్టేటప్పుడు మాత్రం వేళ్ళ మీద పడేది మౌస్ బరువే. అక్కడ తేడా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు 60 నుంచి 50 గ్రాములకు దిగితే ఏమవుతుందో చూడండి. 360 కాస్తా 350 అవుతుంది. మూడు శాతం కూడా తగ్గదు. ఆ పది గ్రాముల కోసం రెట్టింపు ధర పెట్టడం దండగ. కాబట్టి 60 నుంచి 75 గ్రాముల మధ్య దొరికితే చాలు, అంతకన్నా కిందికి వెళ్ళడానికి డబ్బు పెట్టకండి.

ఇంకొక మాట. కొందరు అమ్మకందారులు బ్యాటరీ లేకుండా బరువు రాస్తారు. డబ్బా మీద చదివేటప్పుడు బ్యాటరీతో కలిపి ఎంతో చూసుకోవాలి.

డీపీఐ మాయలో పడకండి

డబ్బా మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో వేసే అంకె డీపీఐ. మౌస్ ఒక అంగుళం కదిలితే తెరమీద బాణం ఎన్ని చుక్కలు కదులుతుందో చెప్పేదే ఇది. మన ల్యాప్‌టాప్ తెర వెడల్పు సాధారణంగా 1920 చుక్కలు. 800 డీపీఐ పెడితే తెర ఈ చివర నుంచి ఆ చివరకు 2.4 అంగుళాలు జరపాలి. ఇది హాయిగా ఉంటుంది. 26,000 డీపీఐ పెడితే ఒక్క అంగుళానికి బాణం పదమూడు తెరలు దాటిపోవాలి. దానితో ఎవరు ఏం చేస్తారు? తుపాకీ గురి ఆటలు బాగా ఆడేవాళ్ళలో ఎక్కువమంది 400 నుంచి 1600 మధ్యే వాడతారు. కాబట్టి డీపీఐ అంకె చూసి ధర పెంచుకోవద్దు.

చూడవలసింది సెన్సార్ పేరు. పీఏడబ్ల్యూ 3311, పీఏడబ్ల్యూ 3395 వంటి పిక్స్‌ఆర్ట్ సెన్సార్లు, లాజిటెక్ వారి హీరో సెన్సార్ నమ్మకమైనవి. మొదటిది తక్కువ ధర మౌస్‌లలో వస్తుంది, మన అవసరానికి ఎక్కువే. సెన్సార్ పేరు ఎక్కడా రాయకుండా డీపీఐ అంకె, రంగురంగుల లైట్లు మాత్రమే చూపించే మౌస్‌ను పక్కన పెట్టండి. పైగా ఆ లైట్లు బ్యాటరీని తినేస్తాయి.

వైర్‌లెస్‌లో రెండు రకాలు

ఒకటి చిన్న రిసీవర్ పెట్టుకుని 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేది. రెండోది బ్లూటూత్. ఆటలకు మొదటిదే కావాలి. మౌస్ తన స్థానాన్ని కంప్యూటర్‌కు సెకనుకు ఎన్నిసార్లు చెబుతుందో దాన్ని పోలింగ్ రేటు అంటారు. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 హెర్ట్జ్ అయితే ఒక మిల్లీసెకనుకు ఒకసారి. బ్లూటూత్ మౌస్‌లు సాధారణంగా 125 దగ్గరే ఆగిపోతాయి. ఆటకు 1000 హెర్ట్జ్ సరిపోతుంది. ఇప్పుడు 8000 హెర్ట్జ్ అని ప్రచారం చేస్తున్నారు. అది మనకు మిగిల్చేది మిల్లీసెకనులో కొంత భాగం మాత్రమే. పైగా పాత ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద భారం పెరిగి ఆట నెమ్మదించే ప్రమాదం ఉంది.

రిసీవర్‌ను ల్యాప్‌టాప్‌లోని నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రంలో పెట్టి, పక్కనే పెన్‌డ్రైవ్ వాడితే కొన్నిసార్లు బాణం తడబడుతుంది. యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో అలజడి పుట్టడమే కారణం. రిసీవర్‌ను వేరే రంధ్రంలో పెట్టినా, చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో మౌస్ దగ్గరకు తెచ్చినా సరిపోతుంది. ఒకే గదిలో నలుగురు వైర్‌లెస్ మౌస్ వాడినా ఒకరిది ఒకరికి కలవదు. ప్రతి మౌస్ తన రిసీవర్‌తోనే జతకట్టి ఉంటుంది. అందుకే రిసీవర్ పోతే చాలా చవక మౌస్‌లు పనికిరాకుండా పోతాయి. దాచుకునే అర మౌస్ లోపల ఉందో లేదో చూసి కొనండి.

సెల్లా, చార్జింగా?

చార్జింగ్ మౌస్ తేలికగా ఉంటుంది. సెల్లు కొనే ఖర్చు లేదు. కానీ కొన్నేళ్ళకు లోపలి బ్యాటరీ బలహీనపడుతుంది, మార్చడం అందరికీ చేతకాదు. సెల్లు మౌస్ బరువెక్కువ, కానీ సెల్లు మారిస్తే మళ్ళీ కొత్తదే.

ఉదాహరణకు 2018లో వచ్చిన లాజిటెక్ జీ304 సెల్లుతో కలిపి 99 గ్రాములు. ఒక డబుల్ ఏ సెల్లుతో 250 గంటల దాకా నడుస్తుందని కంపెనీ చెబుతోంది. రోజుకు మూడు గంటలు వాడితే సుమారు 80 రోజులు. మామూలు డబుల్ ఏ సెల్లు ఒక్కటే 23 గ్రాములు. టీవీ రిమోట్‌లో వేసే సన్న ట్రిపుల్ ఏ సెల్లు అందులో సగం బరువే. ప్లాస్టిక్ తొడుగు ఒకటి కొని దానిలో సన్న సెల్లు పెట్టి వేస్తే దాదాపు పది గ్రాములు తగ్గుతాయి. అయితే నడిచే గంటలు కూడా సగానికి పైగా తగ్గుతాయి. కొంచెం ఖర్చుతో బరువు తగ్గించుకునే మార్గం ఇది.

చేతికి సరిపోకపోతే అన్నీ వృథా

అన్నిటికన్నా ముందు చూడవలసింది ఆకారం. మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొస దాకా స్కేలుతో కొలవండి. 17 సెంటీమీటర్ల లోపు అయితే చిన్న మౌస్, 19 దాటితే పెద్ద మౌస్ చూడాలి. అరచెయ్యి మొత్తం ఆనించేవాళ్ళకు వీపు ఎత్తుగా ఉన్నది, వేళ్ళ కొసలతో పట్టేవాళ్ళకు పొట్టిది బాగుంటుంది. ఎడమచేతి వాటం వాళ్ళు రెండువైపులా ఒకే ఆకారం ఉన్నది తీసుకోవాలి. మిత్రుల మౌస్‌లు ఒక్కో గంట అడిగి వాడి చూడండి. పది సమీక్షలు చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. చేతికి సరిపోని మౌస్‌తో గంటలకొద్దీ పనిచేస్తే మణికట్టు నొప్పి రావచ్చు.

జేబును బట్టి నిర్ణయం

ఐదు వందల లోపు: మామూలు వైరు మౌస్ కొనండి. ప్రాజెక్టు రిపోర్టులకు, ఆన్‌లైన్ పరీక్షల సాధనకు ఇది చాలు. జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. పరీక్ష కేంద్రంలో మనకిచ్చేది ఖరీదైన గేమింగ్ మౌస్ కాదు.

వెయ్యి లోపు: ఆటలు ఆడాలనుకుంటే తేలికైన వైరు మౌస్ మేలు. ఈ ధరలో వైర్‌లెస్ అంటే సెన్సార్‌లోనో, స్విచ్‌లలోనో కోత పెట్టి ఉంటారు. మెత్తటి అల్లిక వైరు ఉన్నది చూసుకుంటే ఈడ్చినట్లు ఉండదు.

వెయ్యిన్నర నుంచి మూడు వేల లోపు: తేలికైన మంచి వైర్‌లెస్ మౌస్ వెతకవలసింది ఇక్కడే. పేరున్న సెన్సార్, 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్, 1000 హెర్ట్జ్, 75 గ్రాముల లోపు బరువు, ఒక సంవత్సరం వారంటీ. ఈ ఐదూ ఉంటే ఇక ఆలోచించనక్కరలేదు.

మూడు వేలు దాటితే: పెట్టకండి. ఆ మిగతా డబ్బుతో ల్యాప్‌టాప్‌కు ర్యామ్ వేయించుకుంటే చదువుకూ, ఆటకూ రెండింటికీ లాభం.

ఫోన్‌లో మాత్రమే ఆడేవాళ్ళకు ఈ ఖర్చే అవసరం లేదు. "డెబ్బై శాతం తగ్గింపు" అన్న మాటను పట్టించుకోకండి, చివరికి చేతి నుంచి పోయేది ఎంతో అదే చూడండి.

కొన్న రోజే ఈ పరీక్షలు చేయండి

1. పెయింట్‌లో ఏటవాలు గీత నెమ్మదిగా గీయండి. వణుకు ఎక్కువగా ఉంటే సెన్సార్ మంచిది కాదు.

2. విండోస్ మౌస్ సెట్టింగుల్లో పాయింటర్ ప్రెసిషన్ పెంచే టిక్కు తీసేయండి. మౌస్‌ను స్కేలుకు ఆనించి వేగంగా ముందుకు జరిపి, నెమ్మదిగా అదే చోటికి తేండి. బాణం కూడా దాదాపు మొదటి చోటికి రావాలి.

3. ఒక ఫోల్డర్ మీద ఆగి ఆగి వందసార్లు ఒక్కో క్లిక్ చేయండి. ఒక్కసారైనా అది తెరుచుకుంటే స్విచ్ ఒక నొక్కుకు రెండు క్లిక్‌లు ఇస్తోందన్నమాట. వెంటనే వాపసు చేయండి.

4. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. లోపల వదులు భాగాలు గలగలమనకూడదు.

బిల్లు, డబ్బా పారేయకుండా ట్రంకు పెట్టెలో భద్రపరచండి. వారంటీ ఉండగా దుకాణదారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. వారంటీ అయిపోయాక స్విచ్ పాడైతే మౌస్ పారేయకండి. సోల్డరింగ్ తెలిసిన ఎలక్ట్రానిక్స్ విద్యార్థి చిన్న మైక్రోస్విచ్ మార్చి బాగుచేయగలడు. అది చదువులో భాగమే.

ఒక హెచ్చరిక, ఒక విన్నపం

మన దేశం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల పరిధిలోకి తెచ్చింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఈ రెండింటి తేడా మరవకండి. మౌస్ కొన్న డబ్బు ఆటలో తిరిగి సంపాదించవచ్చని ఎవరైనా చెబితే దూరంగా జరగండి. స్టడీ అవర్‌లో మౌస్ చదువు పనికే కదలాలి.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. కొత్త మౌస్ కొన్నప్పుడు పాతది బల్ల సొరుగులో పడేయకుండా, పనిచేస్తుందో లేదో చూసి, రిసీవర్‌తో సహా హాస్టల్‌కు పంపండి. ఇక్కడ అది ఒక తమ్ముడి ప్రాజెక్టుకో, ఒక చెల్లెలి డ్రాయింగ్‌కో పనికొస్తుంది. వాడి చూసిన తర్వాతే తన చేతికి ఏది సరిపోతుందో తెలుసుకుని, తర్వాతి పైసా ఆ పిల్లలు ఆలోచించి ఖర్చు పెట్టగలుగుతారు.