మోటారు సైకిలు బ్యాటరీ: ఆదాయ వ్యయములు



నేటి పల్లెలలో మోటారు సైకిలు లేని వీథి యరుదు. పొలమునకు ఎరువు బస్తాను మోయునదియు, పాల క్యానులను కేంద్రమునకు చేర్చునదియు, అర్ధరాత్రమున పాము కరచిన వానిని వైద్యశాలకు కొనిపోవునదియు నదియే. అట్టి బండి వేళకు కదలక మొరాయించినచో కలుగు నష్టము రూపాయలతో లెక్కించునది కాదు. పలుమారు అట్టి సమయమున దోషము ఇంజనునందును ఉండదు, పెట్రోలునందును ఉండదు. ప్రక్క మూత లోపలనో, సీటు క్రిందనో యున్న చిన్న బ్యాటరీ సత్తువ యుడిగి యుండును. కారణము విచారింపగా, బండి కొన్న పిమ్మట తగిలించిన దీపములో, హారనో, ఫోను చార్జరో బయటపడుట కలదు. ఈ విషయమును గూర్చి కొంత మనవి చేసెదను.

ముందుగా బ్యాటరీ యననేమో చూతము. సీసపు పలకలను గంధకామ్లములో నుంచి విద్యుత్తును నిలువచేయు పద్ధతిని 1859వ సంవత్సరమున ఫ్రాన్సు దేశస్థుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. మన బండ్లలోని బ్యాటరీలలో పెక్కు నేటికిని ఆ జాతివే. దాని వోల్టులు 12. నిలువ ఎంత పట్టునో ఆంపియరు-గంటలలో చెప్పుదురు. నూరు, నూట యిరువదియైదు సి.సి. బండ్లలో నుండునది సాధారణముగ 3 మొదలు 5 ఆంపియరు-గంటల బ్యాటరీ. 4 ఆంపియరు-గంటలనగా, ఒక ఆంపియరు చొప్పున వాడినచో స్థూలముగా నాలుగు గంటలకు సరిపోవునని యర్థము. ఇది చాల చిన్న నిలువ. దీని ముఖ్యమైన పని, మీట నొక్కగానే ఇంజనును త్రిప్పి లేపుట. లేచిన తరువాత ఇంజనే తన వద్దనున్న అయస్కాంతపు చక్రముతోను, తీగచుట్టలతోను విద్యుత్తును పుట్టించి, దీపములకు కొంత ఇచ్చి, మిగిలినదానితో బ్యాటరీని మరల నింపును.

దీనిని మన ఊరి చెరువుతో పోల్చి చూడుడు. బ్యాటరీ చెరువు. ఇంజను పుట్టించు విద్యుత్తు వాగు నుండి వచ్చు నీరు. దీపములు, హారను మొదలగునవి ఆయకట్టు. బండిని నిర్మించినవారు వాగునకు తగిన ఆయకట్టును లెక్కగట్టియే ఏర్పరచిరి. వచ్చు నీటిని చూడక క్రొత్త ఆయకట్టును చేర్చిన చెరువు గతి ఏమగునో తమకు నేను చెప్పనక్కరలేదు.

ఒక లెక్క చూతము. మామూలు చిన్న బండికి ముందు దీపము 35 వాట్లు, వెనుక దీపము 5 వాట్లు, అనగా దీపముల వ్యయము 40 వాట్లు. దీనికి అదనముగ ఇరువది వాట్ల దీపములు రెండు తగిలించినచో వ్యయము ఒక్కసారిగ రెట్టింపగును. వాట్లను వోల్టులతో భాగించిన ఆంపియర్లు వచ్చును. ఆ రెండు దీపములకు 40ని 12తో భాగింపగా సుమారు 3.3 ఆంపియర్లు. ఇంజను ఆపి, పందిట వెలుతురునకై వానిని వెలిగించి యుంచినచో, 4 ఆంపియరు-గంటల బ్యాటరీ గంటకు కొంచెము మించి నిలువదు. అంతకు చాల ముందే ఇంజనును లేపు శక్తి దానికి పోవును.

ఇంజను నడచుచున్నప్పుడైనను నిర్భయము కాదు. వేగము తగ్గిన కొలది పుట్టు విద్యుత్తు తగ్గును. గతుకుల బాటలో మెల్లగా పోవునప్పుడును, సంతలో ఆగి యాగి నడుచునప్పుడును ఆదాయము స్వల్పము, వ్యయము మాత్రము మారదు. పైగా 2017 ఏప్రిలు 1 నుండి మన దేశమున తయారగు ద్విచక్ర వాహనములకు ఇంజను నడచినంతసేపు ముందు దీపము వెలుగుచునే యుండవలెనను నియమము వచ్చెను. 2020 ఏప్రిలు 1 నుండి వచ్చిన భారత్ స్టేజి ఆరు నియమముల పిమ్మట పెక్కు బండ్లలో పెట్రోలును పంపు పనియు విద్యుత్తు మీదనే యాధారపడినది. కాలితో తన్ను కిక్కు కడ్డీ లేని బండ్లును ఇప్పుడు కలవు. కావున బ్యాటరీ చెడినచో పూర్వమువలె తన్ని లేపుదమను ధైర్యము అన్నిటియందును చెల్లదు.

మరియొక సంగతి. పాత బండ్లలో కొన్నిటియందు ముందు దీపము బ్యాటరీతో నిమిత్తము లేక ఇంజను విద్యుత్తుతోనే నేరుగ వెలుగును. ఎల్.ఇ.డి. దీపము మార్చునప్పుడు అది మినుకుమినుకు మనకుండుటకై కొందరు మెకానిక్కులు ఆ తీగను బ్యాటరీకి మార్చెదరు. వెలుతురు బాగుండును గాని, నాటి నుండి ఆ దీపపు భారము చెరువుమీద పడును. ఇట్టి మార్పు చేసిరా లేదా యని అడిగి తెలిసికొనవలెను.

ఇంతవరకు చెప్పినది కంటికి కనబడు వ్యయము. కనబడనిది తూము చెమ్మవంటిది. దొంగల భయమున జి.పి.ఎస్. పరికరమును, ఎల్లవేళల పనిచేయవలెనని ఫోను చార్జరును నేరుగ బ్యాటరీకే తగిలింతురు. బండి తాళము తీసి యింటికి పోయినను అవి కొంచెము కొంచెముగ త్రాగుచునే యుండును. ఒక పరికరము 20 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసికొనుచున్నదనుకొందము. అది ఆంపియరులో ఏబదవ వంతు. అయినను దినమునకు 24 గంటలు గనుక, దాదాపు అర ఆంపియరు-గంట పోవును. నిండు బ్యాటరీ నాలుగు దినములలో సగమగును. ఎనిమిది దినములలో నెండును. పెండ్లికి పొరుగూరు పోయి పది దినములకు వచ్చినవారికి బండి కదలకుండుటకు ఇదియే కారణము కావచ్చును.

ఇట్లెండిన బ్యాటరీని అట్లే యుంచుట మరింత హాని. పలకలపై ఏర్పడిన సీసపు లవణము గట్టిపడి, తరువాత ఎంత నింపినను కరగదు. బ్యాటరీ పట్టు నిలువ తగ్గిపోవును. పెద్ద బ్యాటరీ వేసినచో సరిపోవునని కొందరందురు. చెరువు లోతు చేసినంత మాత్రమున వాగులో నీరు పెరుగదు. ఎండుటకు రెండు దినములు ఎక్కువ పట్టునంతే.

ఇక నివారణోపాయములు. మొదటిది, చేర్చుటకంటె మార్చుట మేలు. పాత దీపమును తీసి తక్కువ వాట్ల ఎల్.ఇ.డి. దీపము పెట్టినచో ఆదాయము మిగులును. రెండవది, క్రొత్త పరికరమును తాళము తిప్పిననే విద్యుత్తు వచ్చు తీగ ద్వారా రిలే పెట్టి నడపవలెను. తాళము తీయగానే అదియు నాగిపోవును. మూడవది, బ్యాటరీకి దగ్గరలోనే తగిన ఫ్యూజు ఉండవలెను. 3.3 ఆంపియర్ల దీపములకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలును. ఫ్యూజు లేని తీగ తొడుగు ఒరసికొని పోయి యినుమును తాకినచో బ్యాటరీ మాట యటుంచి బండియే కాలవచ్చును. నాలుగవది, పలు స్వరముల హారనులు 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి నిషేధించినవి. వానిని తగిలింపనే కూడదు.

పరీక్ష సులభము. మెకానిక్కు వద్ద నుండు మల్టీమీటరుతో, బండి కొన్ని గంటలు నిలిచిన తరువాత బ్యాటరీ వోల్టులు చూడవలెను. 12.6కు పైన నున్న నిండుగ నున్నది, 12.4 యైన ముప్పాతిక. 12 యైన దాదాపు ఎండినది. పిమ్మట ఇంజనును లేపి, దీపములన్నియు వెలిగించి, కొంచెము వేగము పెంచి చూచిన 13.5 మొదలు 14.5 వరకు కనబడవలెను. 13కు దిగువ నున్నచో ఆదాయము వ్యయమునకు చాలుట లేదు. చెమ్మను కనిపెట్టుటకు, తాళము తీసి, బ్యాటరీ ఋణాగ్రపు తీగను విప్పి, తీగకును అగ్రమునకును నడుమ మీటరును ఆంపియర్ల లెక్కలో నుంచవలెను. కొద్ది మిల్లీ ఆంపియర్లకు మించిన, తగిలించిన పరికరములను ఒక్కొక్కటిగ విప్పి చూచిన దొంగ దొరకును. మీటరు అట్లున్నప్పుడు సెల్ఫ్ మీట నొక్కరాదు, మీటరు పాడగును.

బండిని రెండు మూడు వారములు కదపకుండ నుంచవలసి వచ్చిన ఋణాగ్రపు తీగను విప్పి యుంచుడు. అగ్రములపై తెల్లని పొడి చేరిన దానిని తుడిచి బిగింపుడు. బయట చార్జి పెట్టించునప్పుడు బ్యాటరీ నిలువలో పదియవ వంతు ఆంపియర్లతో, అనగా 4 ఆంపియరు-గంటల దానికి 0.4 ఆంపియరుతో, మెల్లగా నింపుట క్షేమము. నీరు పోయు బ్యాటరీలో డిస్టిల్డు నీరే పోయవలెను. మూసివేసిన దానిని తెరువనే కూడదు.

పడుచువారికి బండిని అలంకరించుకొను ముచ్చట సహజము. దానిని కాదనుట పెద్దల పని కాదు. కాని పరికరము కొనక మునుపు మూడు ప్రశ్నలు మాత్రము వేయుడు: ఇది ఎన్ని వాట్లు త్రాగును? తాళము తీసిన తరువాత ఆగునా? ఫ్యూజు ఎక్కడ నున్నది? ఈ మూడింటికి సరియైన జవాబు చెప్పగలిగిన పిల్లవాడు తగిలించుకొన్నను హాని లేదు. చెప్పలేనిచో ముందు తెలిసికొని రమ్మని పంపుడు. ఆపదవేళ బండి లేచుట యింటి కంతటికి అక్కరయైన సంగతి గదా!