పాత కారుకు ఉక్కు గొట్టం

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారుకు పెట్రోలు పంపు లేదు. ట్యాంకు ముందు సీటు కింద ఉండేది, కార్బురేటర్ అంతకంటే దిగువన. పెట్రోలు తన బరువుతోనే ఇంజనులోకి జారేది. ట్యాంకులో కొద్దిగానే మిగిలినప్పుడు ఏటవాలు గట్టు ఎదురైతే కారును రివర్సులో ఎక్కించేవారు. తర్వాతి కార్లలో పంపు వచ్చింది, ట్యాంకు వెనక్కి జరిగింది. దాంతో కారు పొడవునా నడిచే గొట్టం అవసరమైంది.

మొదట్లో ఎక్కువగా రాగి గొట్టం వాడారు. అది తేలిగ్గా వంగుతుంది కానీ, ఎడతెగని అదురుకు గట్టిపడి పగులుతుంది. 1920ల్లో అమెరికాలోని డెట్రాయిట్‌లో హ్యారీ బండీ దీనికి విరుగుడు తెచ్చాడు. రాగి పూత పూసిన పలుచని ఉక్కు పట్టీని రెండు చుట్లు చుట్టి కొలిమిలో వేడి చేస్తే, పూత కరిగి పొరలు రెండూ ఒకటిగా అతుక్కుంటాయి. అదురును తట్టుకునే ఈ గొట్టాన్ని వాహన పరిశ్రమలో నేటికీ బండీ ట్యూబ్ అనే అంటారు.

మరి ఇంత గట్టి ఉక్కు ఉండగా రబ్బరు ఎందుకు? ఇంజను మౌంటింగుల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. రెంటి మధ్య వంగే ముక్క ఒకటి ఉండాలి. సహజ రబ్బరు పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది. 1930ల్లో జర్మనీలో రూపొందిన నైట్రైల్ రబ్బరు ఈ లోటు తీర్చింది. అప్పటి నుంచి పని పంపకం స్థిరపడింది: కదలని చోట ఉక్కు, కదిలే చోట జానెడు రబ్బరు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇందుకు మంచి ఉదాహరణ. ట్యాంకు ముందు, ఇంజను వెనుక. మధ్యలో ఉక్కు గొట్టం, రెండు కొసల్లో రబ్బరు ముక్కలు. ఆ ముక్కలు పాతబడి కారడం వల్లే ఎన్నో బీటిళ్లు కాలిపోయాయి. దాని ఇంజను పెట్టె మెగ్నీషియం మిశ్రమం. అది అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.

పాత కార్లలో ఈ పంపకం చెడిపోతుంటుంది. ఉక్కు గొట్టం తుప్పు పడితే, సులువని దాని స్థానంలో బారెడు రబ్బరు హోస్ వేసేస్తారు. రబ్బరుకు మెత్తదనమిచ్చే పదార్థాలను పెట్రోలు మెల్లగా లాగేస్తుంది. ఇంజను వేడి దాన్ని పెళుసు చేస్తుంది. గాలిలోని ఓజోన్ పైపొరను చీలుస్తుంది. లోపల రాలిన పొడి కార్బురేటర్ జెట్లలో ఇరుక్కుంటుంది. ఇప్పుడు మన దేశమంతటా ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే అమ్ముతున్నారు. ఆ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత హోసులు దానికి త్వరగా పాడవుతాయి.

అందుకే పాత బండికి మళ్లీ ఉక్కు వేయాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక సాదా ఉక్కు గొట్టం లోపలి నుంచి తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పాలి, ట్యాంకు ఖాళీ చేయాలి, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూడాలి. గొట్టాన్ని బెండర్‌తోనే వంచాలి. చేత్తో వంచితే నొక్కుకుపోతుంది. కోసిన అంచు గరుకు తీసేసి, లోపలి రజను ఊదేయాలి. రబ్బరు ఎక్కే కొస దగ్గర చిన్న ఉబ్బు తీయించాలి. అది లేకపోతే బిగించిన క్లిప్పు ఉన్నా హోస్ జారిపోతుంది. గొట్టాన్ని సైలెన్సరుకు దూరంగా పోనివ్వాలి. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైతే ఇంజను ఆగిపోతుంది. ఛాసిస్‌కు రాసుకోకుండా అడుగున్నరకొక రబ్బరు పొర ఉన్న క్లిప్పు వేయాలి. చివరి జానెడు హోస్ మాత్రం ఇథనాల్‌కు తట్టుకునేదై ఉండాలి. ఇంజెక్షన్ బండిలో పీడనం సుమారు 3 బార్ ఉంటుంది. దానికి కార్బురేటర్ బండి హోస్ పనికిరాదు.

ఉక్కు వేశాక కూడా ఆ రబ్బరు ముక్కలకు వయసు మీరుతూనే ఉంటుంది. మీ బండి పాతదైతే ఈ వారమే బానెట్ ఎత్తి హోసును వంచి చూడండి. సన్నని చీలిక కనిపించినా, పెట్రోలు వాసన వచ్చినా, అది మార్చేదాకా బండి స్టార్ట్ చేయకండి.