సెనెగల్ వీధులలో ఖుర్‌ఆన్ విద్యార్థులు

సెనెగల్ రాజధాని డాకర్‌లో ఫజ్ర్ నమాజు ముగించుకొని జనం మస్జిదుల నుండి బయటికి వచ్చే వేళకే పిల్లలు వీధులలో కనిపిస్తారు. ఆరేళ్ల వారూ ఉంటారు, పన్నెండేళ్ల వారూ ఉంటారు. చాలామంది కాళ్లకు చెప్పులుండవు. చేతిలో ఖాళీ టొమాటో డబ్బానో, ప్లాస్టిక్ గిన్నెనో ఉంటుంది. బియ్యం, చక్కెర బిళ్లలు, చిల్లర నాణేలు, ఎవరేది వేస్తే అది అందులో పడుతుంది. వీరిలో అత్యధికులు ఇల్లు విడిచి పారిపోయి వచ్చినవారు కారు, దిక్కులేని వారూ కారు. ఖుర్‌ఆన్ నేర్పించమని తలిదండ్రులే గురువుకు అప్పగించిన పిల్లలు. వీరిని అక్కడ 'తాలిబె' అంటారు. విద్యార్థి అనే అర్థంలో వాడే 'తాలిబ్' అన్న అరబీ పదమే అది. వారుండే పాఠశాలకు 'దారా' అని పేరు. గురువును 'మరబూ' అంటారు.

ఆఫ్రికా ఖండంలో బాలలు వీధిపాలు కావడానికి యుద్ధాలు, అంటురోగాలు, దారిద్ర్యం వంటి కారణాలు అనేకం ఉన్నాయి. కాని ముస్లిం పాఠకుణ్ణి అన్నిటికంటె ఎక్కువగా కలవరపెట్టవలసిన ఉదాహరణ ఇదే. నూటికి తొంభై అయిదు మందికి పైగా ముస్లింలున్న దేశంలో, అల్లాహ్ గ్రంథాన్ని నేర్చుకొనే పేరిట పసివాడు బిచ్చమెత్తుతున్నాడు.

ఈ ఆచారం మొదట ఇలా లేదు. పల్లెలలో దారాకు ఆధారం పొలం. వానకారులో పెద్ద పిల్లలు గురువు చేనులో పనిచేసేవారు, ఆ పంటతోనే అందరి తిండి గడిచేది. పంట లేని రోజులలో ఇంటింటికీ వెళ్లి వండిన అన్నం అడిగి తెచ్చుకొని, కలిసి తినేవారు. సంపన్నుని కొడుకైనా సరే, ఆ గిన్నె పట్టవలసిందే. అహంకారం అణగాలన్నది ఉద్దేశ్యం. అడిగేది అన్నం, డబ్బు కాదు. అడిగే ఇల్లు కూడ తెలిసిన ఇల్లే. పిల్లవాడు రెండు రోజులు కనిపించకపోతే ఆ ఇంటి ఇల్లాలు ఆరా తీసేది.

1968 నుండి 1974 వరకు సహెల్ ప్రాంతాన్ని పట్టి పీడించిన కరువు ఈ ఏర్పాటును దెబ్బతీసింది. పంటలు పోయాయి. గురువులు పిల్లలను వెంటబెట్టుకొని మొదట ఎండాకాలానికి మాత్రమే పట్నాలకు వెళ్లేవారు, క్రమంగా అక్కడే స్థిరపడ్డారు. పట్నంలో పొలం లేదు, గదికి అద్దె ఉంది. అన్నం గిన్నె స్థానంలో నాణేల డబ్బా వచ్చింది. ఆ తరువాత ఆ నాణేలకు లెక్క కూడ వచ్చింది. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2010లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఇలాంటి దారాలలో ప్రతి పిల్లవాడూ రోజుకు ఇంత తేవాలని గురువు నిర్ణయిస్తాడు, శుక్రవారం నాడు మరికొంత ఎక్కువ. తగ్గితే దెబ్బలు. ఆ దెబ్బలకు జడిసి రాత్రి వీధిలోనే పడుకునేవారున్నారు, పూర్తిగా పారిపోయేవారున్నారు. పొరుగుదేశాలైన గినీ బిస్సావు, గాంబియా, మాలీల నుండి కూడ పిల్లలను తెస్తారు. రోజులో ఎక్కువ గంటలు అడుక్కోవడానికే పోయాక ఎన్ని ఆయతులు కంఠస్థమవుతాయో ఊహించవచ్చు.

అన్ని దారాలూ ఇలాంటివే అనుకోవడం అన్యాయం. 2014లో ప్రభుత్వ సంస్థ ఒకటి డాకర్ ప్రాంతంలోని దారాలను లెక్కించింది. 1,006 దారాలు, 54,837 మంది విద్యార్థులు తేలారు. వారిలో బిచ్చమెత్తేవారు 30,160 మంది. అంటే అదే నగరంలో దాదాపు పాతికవేల మంది డబ్బా పట్టకుండానే ఖుర్‌ఆన్ నేర్చుకొంటున్నారు. యాచన లేనిదే ఈ విద్య సాగదనే వాదానికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. గురువును పోషించేదెవరు? ఈ ప్రశ్న ఇస్లామీయ ధర్మశాస్త్రానికి కొత్తది కాదు. ఖుర్‌ఆన్ బోధనకు జీతం తీసుకోరాదని తొలితరం హనఫీ పండితులు భావించారు. భృతులు ఆగిపోయి, బోధించేవారే కరువయ్యే స్థితి వచ్చాక తరువాతి తరాలవారు దానిని అనుమతించారు. సెనెగల్ ప్రజలు అనుసరించే మాలికీ మజ్‌హబ్‌లోనైతే ఈ జీతానికి మొదటి నుండీ అనుమతి ఉంది. ఇక ఆస్తి లేని పసివాని పోషణ తండ్రి బాధ్యత అన్న విషయంలో మజ్‌హబుల మధ్య భేదమే లేదు. గురువుకు జీతం ధర్మసమ్మతం, పిల్లవానికి తిండి తండ్రి విధి. ఈ రెంటినీ కలిపి ఆ పిల్లవాని నెత్తిమీదే పెట్టడం డాకర్ వీధులలో జరుగుతున్న పని.

పూర్వం ముస్లిం నగరాలు ఈ చిక్కును వక్ఫ్ ద్వారా పరిష్కరించుకొన్నాయి. పన్నెండవ శతాబ్దంలో డమాస్కస్‌ను దర్శించిన ఇబ్న్ జుబైర్, అక్కడి అనాథబాలల పాఠశాలకున్న వక్ఫ్ ఆదాయం నుండే గురువుకూ పిల్లలకూ ఖర్చు జరిగేదని వ్రాశాడు. కైరోలో కింద చలివేంద్రం, పైన ఖుర్‌ఆన్ పాఠశాల ఉండే కట్టడాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1744లో అబ్దుర్రహ్మాన్ కత్‌ఖుదా కట్టించినది వాటిలో ప్రసిద్ధం.

యాచన విషయంలో దైవప్రవక్త (స) వైఖరి అబూదావూద్ సంకలనంలోని ఒక ఉదంతం వల్ల తెలుస్తుంది. అడగవచ్చిన ఒక అన్సారీ ఇంటిలో ఉన్న వస్త్రాన్నీ, పాత్రనూ తెప్పించి, రెండు దిర్‌హములకు వేలం వేసి, ఒకదానితో ఇంటికి తిండి, మరొకదానితో గొడ్డలి కొనిపించి, కట్టెలు కొట్టుకొనేందుకు పంపారు. వచ్చినవాడు పెద్దవాడు, తానుగా అడిగినవాడు. మరి అడగమని పంపబడిన ఏడేళ్ల పిల్లవాని సంగతి?

చట్టాలకు కొదువ లేదు. ఇతరుల యాచనతో లాభపడడాన్ని నేరంగా ప్రకటించే చట్టాన్ని సెనెగల్ 2005లో చేసింది. 2010 ఆగస్టులో బహిరంగ స్థలాలలో యాచనను నిషేధిస్తున్నట్లు ప్రధానమంత్రి ప్రకటించారు. మరుసటి నెలలో కొందరు మరబూలకు శిక్షపడింది, జైలుశిక్ష అమలు మాత్రం నిలిపివేయబడింది. మత పెద్దలు ఆగ్రహించారు. అక్టోబరులోనే అధ్యక్షుడు అబ్దులాయ్ వాద్ ఆ నిషేధాన్ని తప్పుబట్టారు. 2013 మార్చిలో డాకర్‌లోని మెదీనా పేటలో ఒక దారాకు నిప్పంటుకొని, లోపల నిద్రిస్తున్న పిల్లలు పలువురు కాలి చనిపోయారు. ప్రమాదకరమైన దారాలను మూయిస్తామని అప్పటి అధ్యక్షుడు మాకీ సాల్ అన్నారు. 2016లో పిల్లలను వీధులనుండి తొలగించమని ఆదేశించారు. పట్టుకొన్న పిల్లలలో చాలామందిని తిరిగి ఆ గురువుల వద్దకే పంపారు!

'బాలల హక్కులు, సంక్షేమం' అన్న పేరుతో ఆఫ్రికా దేశాలు 1990లో ఆమోదించి, 1999 నుండి అమలులోకి తెచ్చుకొన్న ఒడంబడిక ఒకటి ఉంది. దాని 29వ అధికరణం పిల్లలను ఏ రూపంలోనైనా బిచ్చానికి వాడుకోవడాన్ని నిషేధిస్తుంది. దీని ఆధారంగా వచ్చిన ఫిర్యాదును విచారించిన నిపుణుల సంఘం, తాలిబెల విషయంలో సెనెగల్ ప్రభుత్వం ఆ ఒడంబడికను ఉల్లంఘించిందని 2014లో నిర్ణయించింది. దారాలకు ప్రమాణాలు, తనిఖీలు ఏర్పరచే బిల్లు 2018లో మంత్రివర్గాన్ని దాటి, ఆపై ఏళ్ల తరబడి శాసనసభ గడప వద్దే ఆగిపోయింది.

ప్రభుత్వమూ, గురువులూ, తలిదండ్రులే కాదు, దాత కూడ ఈ గొలుసులో ఒక కడియే. పీడకల వచ్చినా, ప్రయాణం తలపెట్టినా చక్కెరో, కొవ్వొత్తులో, నాణేలో తాలిబెకు దానమిస్తే కీడు తొలగుతుందని అక్కడి ప్రజల నమ్మకం. దానం పుచ్చుకొనే పిల్లవాడు వీధి చివర సిద్ధంగా ఉండాలి గనుక ఉంటాడు. దీనికి భిన్నంగా కొన్ని పేటలలో స్త్రీలు 'దేయ్ దారా', అంటే దారా తల్లి అనే పాత మర్యాదను తిరిగి చేపట్టారు. ఒక్కొక్కరు ఒకరిద్దరు పిల్లలను తమవారిగా ఎంచుకొని పూటకింత అన్నం పెడతారు, బట్టలు ఉతుకుతారు, గాయమైతే కట్టు కడతారు. పిల్లవాడు ఆ గడపలో కడుపు నింపుకొంటాడు. అయితే గురువు లెక్క అన్నంతో తీరేది కాదు గనుక, మూతి తుడుచుకొని మళ్లీ డబ్బా తీసుకొని బయలుదేరేవారు వారిలోనూ ఉన్నారు.