బొబ్బిలి తరువాత పద్మనాభము

కాలమును దాటి పోయివచ్చు కథ మనకు క్రొత్తది కాదు. కూతురు రేవతికి తగిన వరుడెవ్వడో అడుగుటకై బ్రహ్మలోకమునకు పోయిన కకుద్మి, అక్కడి గానము ముగియువరకు క్షణకాలము వేచి యుండగా, భూలోకమున ఇరువదియేడు మహాయుగములు గడచిపోయినవని భాగవతము చెప్పుచున్నది. ఆ కథ శుకుని నోట విన్నాము. తన ఈడు చెలికత్తెలందరు గతించిన లోకములో తిరిగి అడుగుపెట్టిన ఆ కన్య మనస్సులో ఏమున్నదో రేవతి నోట వినలేదు. మొదటి భాగములో ఒకరు చెప్పిన కాలయాత్రను రెండవ భాగములో మరొకరి చేత చెప్పించు నేటి యువజన నవలల పద్ధతి నాకు నచ్చుటకు కారణమిదే.

వెల్స్ 1895లో కాలయంత్రమును ఊహించెను. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో ‘ఆదిత్య 369’ చిత్రమున నాయకుని కృష్ణదేవరాయల కొలువునకును, అటుపై ఇరువదియారవ శతాబ్దమునకును పంపిరి. అయితే తెలుగుపిల్లల కొరకు ఇట్టి నవల రెండు భాగములుగా వ్రాయదలచిన వారికి హంపీ వరకు పోనక్కరలేదు. ఉత్తరాంధ్రమున ఆ కథ రెండు భాగములుగా సిద్ధముగనే యున్నది.

మొదటి భాగము 1757 జనవరి 24. విజయనగర ప్రభువైన పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొని బొబ్బిలి కోటను ముట్టడించుట, గెలుపు ఆశ లేదని తెలిసిన వెలమవీరులు శత్రువుల చేత చిక్కకుండ తమ స్త్రీలను, బిడ్డలను తామే సంహరించి తమ ప్రభువు రంగారావుతో కూడ పోరి నేలకొరగుట, అప్పటికి రాజాములో నున్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు కొలది దినములలోనే రాత్రివేళ శిబిరములో జొరబడి విజయరామరాజును పొడిచి చంపుట — శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలో ఇది తెలియని పెద్దవారు అరుదు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయచరిత్ర’ మొదలుకొని, జంగము కథలు, బుర్రకథలు, 1964 నాటి చలనచిత్రము వరకు చెప్పినవారందరును బొబ్బిలి పక్షముననే నిలిచి చెప్పిరి. అది న్యాయమే; అంతటి త్యాగమును మరొక వైపున నిలిచి పాడుట ఎవరి తరము?

కాని కథ అక్కడ ఆగలేదు. ముప్పదియేడేండ్ల తరువాత, 1794 జూలై 10న, ఇప్పటి విశాఖపట్టణము జిల్లాలో నున్న పద్మనాభమువద్ద, ఆ విజయనగర వంశమునకే దత్తత వచ్చిన చిన విజయరామరాజు, పేష్కషు (కప్పము) బకాయి కట్టలేదను నెపమున మదరాసుకు పొమ్మని ఆజ్ఞాపించిన ఇంగ్లీషు కుంపిణీవారి మాటను త్రోసిపుచ్చి, కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దండును ఎదిరించి, తన సామంతులనేకులతో కూడ ప్రాణములు విడిచెను. ఆయన కుమారుడు నారాయణబాబు కొండ జమీందారుల ఆశ్రయమున చేరెను. బొబ్బిలినాడు పరదేశి ఫిరంగిని తెచ్చిన వంశమునకు పద్మనాభమున మరొక పరదేశి తుపాకి ఎదురైనది. ఈ రెండవ కథను మొదటి కథకుని చేతనే చెప్పించినచో, బొబ్బిలికి జరిగిన దానికి ప్రతిఫలము దక్కినదను సంతోషము తప్ప మరేమియు మిగులదు. అది చరిత్రకు అపచారము.

అందుచేత మొదటి భాగమును బొబ్బిలి కుర్రవాడు చెప్పినచో, రెండవ భాగమును విజయనగరములో కళాశాలకు పోవు బాలిక చెప్పవలెనని నా అభిప్రాయము. చిన్ననాటినుండి పాపారాయుని కథకు కన్నీరు కార్చి, తన ఊరి పేరు విన్నప్పుడెల్ల తల వంచుకొన్న పిల్ల, పద్మనాభము కొండ క్రింద వేకువజామున నిలిచి, ఆ రాజు చుట్టు చేరిన పల్లెజనమును చూచి ఏమి చెప్పును? ఫలితము ఆమెకు ముందే తెలియును. మార్చుట ఆమె వశము కాదు. కాలయాత్ర కథకు ప్రాణము ఈ నిస్సహాయతయే. బుర్రకథ చూచినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు: కథకుడు పాతకాలమున సంచరించుచుండగనే, ప్రక్కన ‘రాజకీయము’ చెప్పు వంతగాడు నేటి సంగతులను అందుకొని ప్రశ్నించుచుండును గదా.

రెండు భాగములను కలుపు మనిషియు కల్పించుకొనవలసిన పని లేదు. బొబ్బిలి కోట కూలిన దినమున, ఒక వృద్ధుడు రంగారావు పసికుమారుని ఎత్తుకొనివచ్చి లా అను ఫ్రెంచి అధికారికి అప్పగించెనని ఓర్మ్ అను ఇంగ్లీషు చరిత్రకారుడు వ్రాసియున్నాడు. ఆ బిడ్డ చినరంగారావు. విజయనగరమువారి చెరనుండి తప్పించుకొని నైజాము సీమకు పోయి పెరిగిన ఆయనకే, పద్మనాభ యుద్ధానంతరమున, విజయనగర సంస్థానమును విడదీసినప్పుడు కుంపిణీవారు బొబ్బిలిని మరల అప్పగించిరి. మొదటి భాగములో పసికందుగా కనిపించినవాడు రెండవ భాగములో నడివయస్కుడై, ఆ విజయనగరపు బాలికకు ఎదురుపడి పలుకరించుట చరిత్ర కాదు, నవలయే. కాని ఆమె ఆయనకు ఏమని బదులు చెప్పునో వ్రాయగలవారెవ్వరైనను మన ప్రాంతమునుండి వచ్చి వ్రాసినచో చదువవలెనని నేను ఎదురుచూచుచున్నాను.