కుంచం ఎవరి చేతిలో ఉంది?

వెనకటి రోజుల్లో ఉయ్యూరు చుట్టుపక్కల పల్లెల్లో చాలా బేరాలు రూపాయలతో కాదు, వడ్లతోనే సాగేవి. ఉప్పు బండి ఆగినా, కుండలు వచ్చినా, చేపల గంప దిగినా ఇంటామె చాటతో గింజలు తెచ్చి పోసేది. కోతలకు కూలీ గింజలే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. బడి గడప తొక్కని కూలివాడికీ ఈ లెక్క నోటికి వచ్చు.

లెక్క వచ్చినంత మాత్రాన న్యాయం జరిగిందా? కుంచం అన్ని ఊళ్ళలో ఒకటి కాదు. షావుకారు తాను తీసుకునేటప్పుడు శిగ పోసి కొలిస్తే, కూలికి ఇచ్చేటప్పుడు అంచుకు చదును చేసి కొలిస్తే, తేడా ఎవరి గాదెలో పడుతుంది?

కళ్ళంలో కొలిచేవాడు ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ‘ఏడు’ అంటే ఏడుపని ‘ఆరున్నొకటి’ అంటాడు. మాట శుభమే! కానీ లాభం కొన్నవాడిది, ఏడుపు కష్టపడ్డవాడిది.

పశువుల సంతలో మరో ఆచారం. ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు నొక్కి బేరమాడతారు. అసలు ధర దలారికి తెలుస్తుంది గాని పక్కనున్న రైతుకు తెలియదు. ఐర్లండు సంతల్లో బేరం తెగితే అరచేతిలో చెయ్యి కొట్టేవారు. అమ్మినవాడు కొంత చిల్లర శుభానికని కొన్నవాడికి తిరిగి ఇచ్చేవాడు. మన ఆడవాళ్ళు అడిగే ‘కొసరు’ అలాంటిదే. బీదవాడి చేతికి దక్కిన పిడికెడు అదొక్కటే.

ఉయ్యూరుకు పంచదార ఫ్యాక్టరీ వచ్చింది. చెరుకు కాటా మీద తూగింది. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1962లో కిలో తప్పనిసరయింది. కుంచం మూలన పడింది. కష్టజీవికి ఇది మేలే.

అయితే మోసం పోయిందా? ఇప్పుడు 75 కిలోల బస్తా లెక్క. తేమ 17 శాతం దాటిందని, తాలు ఉందని బస్తాకు ఇంత తరుగు తీస్తారు. తేమ మిషను చూపించేవాడూ, అంకె చెప్పేవాడూ ఒక్కడే. పేరు మారింది, శిగ మారలేదు.

అందుకే కౌలు రైతులూ, కూలీలూ కాటా దగ్గర ఒంటరిగా నిలబడకూడదు. నలుగురూ కలిసి వెళ్ళాలి. తూకం కళ్ళతో చూడాలి. తేమ అంకె, తరుగు రెండూ రసీదు మీద రాయించుకోవాలి. కొలత మన కళ్ళముందు జరిగిన రోజే లాభంలో మనకూ పాలు దక్కుతుంది.