పటంలోని న్యాయం

చదరంగంలో ఇరుపక్షాల బలగమూ సమానం. వైకుంఠపాళిలో పాచిక పడిన తీరే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అమెరికాకు చెందిన అలన్ కాల్‌హామర్ రూపొందించగా 1959లో వెలువడిన ‘డిప్లొమసీ’ అనే బోర్డు ఆట ఈ రెండింటికీ భిన్నమైనది. ఇందులో పాచికలు లేవు, సమత్వమూ లేదు.

ఆట 1901 నాటి ఐరోపా పటంపై మొదలవుతుంది. ఏడుగురు ఆటగాళ్లు ఏడు రాజ్యాలకు అధిపతులు. 34 కీలక స్థానాలలో 18 చేజిక్కించుకున్నవాడు విజేత. ఆటగాళ్లు ముందుగా రహస్య మంతనాలు సాగించి, ఆపై తమ ఆజ్ఞలను కాగితాలపై వ్రాసి ఒకేసారి వెల్లడిస్తారు. ఇచ్చిన మాట నిలుపుకోవాలన్న నియమమేదీ లేదు.

ఆరంభంలో రష్యాకు నాలుగు దళాలు, తక్కినవారికి మూడేసి. అయితే రష్యా సరిహద్దులు సుదీర్ఘమైనవి. టర్కీ ఒక మూలన భద్రంగా ఉంటుంది. ఆ మూల దాటి రావడానికే దానికి చాలాకాలం పడుతుంది. అందరిలో దయనీయమైన స్థితి ఆస్ట్రియాది. నాలుగు రాజ్యాల నడుమ చిక్కుకొన్నది. పైగా దాని ట్రియెస్ట్ నగరం, ఇటలీకి చెందిన వెనిస్ పరస్పరం ఆనుకొని ఉన్నాయి. రెండు రాజ్యాల స్వస్థానాలు ఇలా తాకుతూ ఉండడం పటమంతటిలో ఇక్కడ మాత్రమే. పొరుగురాజు సహజశత్రువన్న కౌటిల్యుని మండల సిద్ధాంతానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు! కాని వీరిద్దరూ ఆదిలోనే కలహిస్తే లాభపడేది రష్యా, టర్కీలు. అందుచేత అనుభవజ్ఞులు ఆ సరిహద్దు వద్ద తరచు సంధికే మొగ్గుతారు.

మరి ఇది అన్యాయమైన పటమా? బలవంతుని చూచి తక్కినవారు ఏకమవుతారు. దుర్బలునికి మిత్రులు దొరుకుతారు. భూమిలోని లోటును మాటతో పూడ్చుకొనే అవకాశం అందరికీ ఉన్నది. అయినప్పటికీ ఆస్ట్రియాను కోరి ఎన్నుకొనేవారు అరుదు. కనుకనే ఎవరికి ఏ రాజ్యమో చీట్లు వేసి తేలుస్తారు. ఆట మొత్తంలో అదృష్టానికి చోటున్నది ఆ చీటీలోనే.